గంగవ్వ సిలబస్

వయోజనులకు చదువు చెప్పడం ఒక ఎత్తు, ఏ సిద్ధాంతం ప్రకారం చెప్పాలో తేల్చుకోవడం ఒక ఎత్తు. జగిత్యాల ఆఫీసులో మొదటి పనికి ఎవరికీ తీరిక దొరికేది కాదు. రెండో దానితోనే పొద్దు గూకేది.

"ముందు లక్ష్యం పెట్టుకోవాలె మేడం" అన్నాడు రవీందర్, ఉస్మానియా బిస్కెట్టును టీలో ముంచి. "లక్ష్యం, పాఠం, పరీక్ష. పడుగు పెట్టకుండ పేక ఏస్తె బట్టయితదా?"

రవీందర్‌ది సిరిసిల్ల. నేత కార్మికుల క్లాసు చూసుకుంటాడు. ఏ సంగతి మొదలుపెట్టినా మగ్గం దగ్గరికే తీసుకుపోతాడు.

"ఎవలు కట్టుకుంటరో అడుగకుండ నేస్తె ఆ బట్ట ఎవలు కొంటరు సార్?" అంది ప్రవీణ. "ముందు అడుగాలె. వాళ్ళ అవసరం ఏందో వాళ్ళ నోటినుంచే రావాలె."

రవీందర్ చేతిలోని బిస్కెట్టు విరిగి టీలో పడింది. ప్రవీణ దాన్ని తన గెలుపుగానే లెక్క వేసుకుంది.

ఆమె కోరుట్లలో బీడీలు చుట్టే ఆడవాళ్ళ క్లాసు చూస్తుంది. పొద్దంతా క్లాసు, సాయంత్రమంతా పరిశోధన. వయోజన విద్యకు ప్రణాళిక వేసే సిద్ధాంతాలను పోల్చి చూడడం ఆమె పరిశోధనాంశం. మొదటి అధ్యాయం లక్ష్యం ముందన్న వాళ్ళది. దాన్ని చీల్చి చెండాడింది. రెండోది అవసరం ముందన్న వాళ్ళది. దానికి హారతి పట్టింది. మూడో సిద్ధాంతం ఒకటుంది. లక్ష్యమూ కాదు, అవసరమూ కాదు, ప్రణాళిక అనేది దానితో సంబంధమున్న మనుషులంతా లోపల్లోపల చేసుకునే ఒప్పందమని అంటుంది. దానికి ఉదాహరణ ఎక్కడా దొరక్క ఆ అధ్యాయం తెల్లగానే ఉంది.

ఇంతలో డైరెక్టర్ సామేలు గారు తన గదిలోంచి బయటికి వచ్చి కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆయన కళ్ళజోడు తుడిచారంటే ఎవరికో మూడిందన్న మాటే.

"శనివారం సిరిసిల్లలో సమీక్ష. మీరిద్దరూ మీ మీ వాళ్ళను తీసుకురండి. ఎవరి పద్ధతి పనిచేస్తే వచ్చే ఏడు వాళ్ళ క్లాసే ఉంటుంది. రెండో క్లాసు మూసేస్తాం. పై నుంచి అదే మాట వచ్చింది."

రవీందర్ మీసం సవరించుకున్నాడు. ప్రవీణ మాత్రం నిబ్బరంగా ఉంది. ఆమె క్లాసు లాంటి క్లాసు ఈ భూమ్మీద ఉండదని ఆమె నమ్మకం. పన్నెండు మంది ఆడవాళ్ళు. ఒకరు ముందుకు పోరు, ఒకరు వెనకబడరు. ఒకే రోజు అందరికీ ఒకే అక్షరం వస్తుంది. మరునాడు అందరూ కలిసి అదే అక్షరం మరిచిపోతారు. దీని మీద ప్రవీణ ఒక గ్రాఫు గీసి, కింద "సామూహిక అభ్యసనం, సామూహిక విస్మృతి" అని రాసుకుంది. ఇది ప్రపంచంలో ఇంకెవరికీ కనబడలేదని ఆమెకు లోలోపల గర్వం కూడా.

మరునాడు కోరుట్ల మహిళా సంఘం గదిలో పన్నెండు మందీ గోడకు ఆనుకుని, కాళ్ళు చాపి, ఒడిలో చాటలు పెట్టుకుని కూర్చున్నారు. చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారపు ఉండ. పలక కూడా ఆ చాటలోనే. చాట పక్కన పెట్టి రమ్మని మొదట్లో ప్రవీణ చెప్పి చూసింది. చాట లేకపోతే ఒళ్ళంతా ఖాళీగా ఉన్నట్టుంటుందని వాళ్ళు ఊరుకోలేదు. ఒక అక్షరానికీ ఇంకో అక్షరానికీ మధ్య చేతులు వాటంతట అవే ఆకు తీసి, తంబాకు వేసి, చుట్టి, దారం కట్టేస్తుంటాయి.

"సత్యవ్వా, నిన్న నేర్చుకున్నదేంది?"

సత్యవ్వ నలభై దాటిన మనిషి. ఆమె నోటికి కార్ఖానా అంతా జంకుతుంది. ప్రవీణ ముందు మాత్రం పిల్లిలా అయిపోతుంది. బోర్డు వంక చూసి తల గోక్కుంది. ఆ తర్వాత పక్కనున్న గంగవ్వ వంక చూసింది. గంగవ్వ పెదవి విరిచింది.

"మరిసిపోయిన మేడం."

"పూజా, నువ్వు?"

పూజ ఇబ్రహీంపట్నం నుంచి కోరుట్లకు కోడలై వచ్చిన పిల్ల. భర్త దుబాయిలో ఉంటాడు. ఆమె కూడా ముందు గంగవ్వ వంకే చూసి, కళ్ళు మూసుకుని, ఎంతో కష్టపడి, "నాగ్గూడ యాదికస్తలేదు" అంది.

గంగవ్వ ముఖం వెలిగిపోయింది. అరవై దాటిన గంగవ్వ సుద్దముక్కను బీడీ పట్టినట్టు రెండు వేళ్ళ మధ్య పట్టి, తెలియకుండానే దాన్ని చుడుతూ ఉంటుంది. "పోనీ తియ్యిండ్రే, మల్ల నేర్సుకుందాం. గా 'త' నన్ను గూడ శాన సతాయిస్తున్నది" అంది.

మళ్ళీ 'త' మొదలైంది. ప్రవీణ ప్రేమగా గ్రాఫులో ఇంకో చుక్క పెట్టుకుంది.

ఈ క్లాసు ఆమె సర్వేలోంచి పుట్టింది. టాబ్ పట్టుకుని బీడీ కార్ఖానా గుమ్మంలో నిలబడి, చాంతాడంత ప్రశ్నల వరుస ఒక్కొక్కరినీ అడిగింది. చదువు వచ్చా అంటే అందరూ రాదన్నారు. కొందరు అడగకుండానే కళ్ళు కనబడవని, మోకాళ్ళు పట్టేశాయని కూడా చెప్పారు. ఆ సర్వే చూసి రవీందర్, "మేడం, మీకు కావాల్సింది టీచరు గాదు, డాక్టరు" అని ఆటపట్టించాడు. జనం నోటి నుంచి వచ్చిన మాటను వెక్కిరించకూడదని ప్రవీణ ఆనాడు అతనికి పెద్ద క్లాసే తీసుకుంది.

ఆ సాయంత్రం కోరుట్ల బస్టాండులో ప్రవీణ ఫోన్లో తల పెట్టి రవీందర్‌కు జవాబు రాస్తోంది. శనివారం తన వాళ్ళలో ఒకాయన నిండు సభలో సంతకం పెడతాడని అతను మెసేజ్ పంపాడు. సంతకం చదువు కాదని ఆమె రాస్తోంది. రాస్తూనే ఎదురుగా ఆగిన బస్సు మెట్టు మీద కాలు పెట్టింది.

"ఓ మేడం! దిగు దిగు! అది మెట్‌పల్లి బస్సు. బోర్డు సూడవా?"

చెల్లెలిని బస్సెక్కించడానికి వచ్చిన సత్యవ్వ అంత దూరం నుంచి చేతులూపుతూ పరుగెత్తుకొచ్చింది. ప్రవీణ గబుక్కున దిగింది. సత్యవ్వే ఆమెను రెక్క పట్టుకుని పక్క బస్సు దగ్గరికి నడిపించి, పైకి చూసి, "ఆ, జగిత్యాల. ఎక్కు" అంది.

అన్నాక నాలుక కరుచుకుంది. "కండక్టర్ చెప్పిండు" అని కలిపింది. చుట్టుపక్కల కండక్టరన్నవాడు లేడు.

"థాంక్స్ సత్యవ్వా" అని ప్రవీణ ఎక్కి కూర్చుంది. బస్సు ఊరు దాటి పసుపు చేల మధ్యకు వచ్చాక ఆమె చేతిలోని ఫోను నెమ్మదిగా ఒడిలోకి జారింది. ఎదుటి సీటు వెనక రాసిన ఏదో దుకాణం ప్రకటనను మూడుసార్లు చదివింది. గ్రాఫు కళ్ళ ముందు తలకిందులైంది. పన్నెండు మందీ ఒకే రోజు ఒకే అక్షరం మరిచిపోవడం! ఎంత వెర్రిదాన్ని, అనుకుంది. ముందు సిగ్గేసింది, ఆ వెనకే ఒళ్ళు మండింది.

మరునాడు క్లాసులోకి వచ్చి పలకరింపు కూడా లేకుండా బోర్డు వైపు తిరిగింది. పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది:

"పూజ వెనకాల గోడ మీద తేలు ఉంది."

సుద్దముక్క కింద పెట్టేలోగానే గది అదిరిపోయింది. పూజ కెవ్వుమని ఎగిరి సత్యవ్వ మీద పడింది. సత్యవ్వ ఒక చేత్తో ఆమెను తోస్తూ ఇంకో చేత్తో చెప్పు అందుకుంది. చాటలు బోర్లాపడ్డాయి, తునికాకు చెల్లాచెదురైంది, తంబాకు ఘాటుకు నలుగురు తుమ్మారు. ఒకామె ఏకంగా కిటికీ ఎక్కింది.

దొరికారు, అనుకుంది ప్రవీణ, చేతులు కట్టుకుని.

గోడ దగ్గర గంగవ్వ ఒక్కతే కాళ్ళు చాపుకుని, చాట ఒడిలో పెట్టుకుని అలాగే కూర్చుని ఉంది.

"ఏమైందే? ఎందుకు దుంకుతున్నరే గట్ల?" అని అందరి ముఖాలూ చూస్తోంది.

సత్యవ్వ చెప్పు ఎత్తిన చేయి అలాగే ఉండిపోయింది. ఆమె గోడ వంక చూడలేదు, ప్రవీణ వంక చూడలేదు. గంగవ్వనే చూస్తోంది. అందరూ గంగవ్వనే చూస్తున్నారు.

"తేలు కండ్లవడ్డదవ్వా" అంది సత్యవ్వ చివరికి.

"ఏదీ? నాకు కనబడకపాయె."

సత్యవ్వ ప్రవీణను వరండాలోకి తీసుకుపోయింది. చేతిలో చెప్పు ఇంకా ఉంది.

"నీకు కోపమస్తె మమ్ముల తిట్టాలె మేడం. ఆమెనెందుకు అందరి ముందట బయటవెట్టినవ్?"

"నేనేం చేసిన? అబద్ధమాడింది మీరు!"

"ఆడినం. ఆ డబ్బా వట్టుకోని సదువొచ్చా అని అడుగవడితివి. సదువొస్తె బీడీల పింఛన్ కట్ చేస్తరని ఎవడో పుకారు లేపిండు. అందరం రాదన్నం. పింఛన్ ముచ్చట గాదని మల్ల ఎర్కయింది, చెప్పేద్దామనే అచ్చినం. అప్పటికే గంగవ్వ పలక వట్టుకోని కూసున్నది. ఇన్నేండ్ల సంది నా ఒక్కదానికే రాదనుకున్న, మీకెవ్వలకు గూడ రాదా అని నవ్వింది మేడం. ఆ నవ్వు జూసినంక మాకు సదువొచ్చని ఏ నోటితోని చెప్తం?"

ప్రవీణ వేళ్ళకంటిన సుద్దను దులుపుకుంది.

"ఆమె ఏది మరిసిపోతె మేం గదే మరుస్తం. ఆమెకు ఏది అస్తె మాకు గదే అస్తది. పూజకైతె మరుసుడు శాన కష్టమైతది, పోరి ఇంటర్ సదివింది. రోజు బయటికి పోయి నవ్వుకోని అస్తది."

తన గొప్ప గ్రాఫు పన్నెండు మందిది కాదు, ఒక్క గంగవ్వదని ప్రవీణకు అప్పుడు అర్థమైంది. తేలు వాక్యం రాసినప్పుడు తనకు కలిగిన సంతోషం గుర్తొచ్చి ముఖం చిట్లించుకుంది. పదకొండు మంది ఇన్నాళ్ళు జాగ్రత్తగా కప్పి ఉంచిన దాన్ని తను ఒక్క సుద్దముక్కతో విప్పేసింది.

లోపలికి వచ్చేసరికి తక్కినవాళ్ళు ఆకు ఏరుకుని చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు. గంగవ్వ నేల మీది తంబాకును అరచేత్తో ఒకచోటికి చేరుస్తోంది.

"తేలని రాసినవా బిడ్డా?" అంది తలెత్తకుండా.

ప్రవీణ ఆమె పక్కన కింద కూర్చుంది. "తప్పయిందవ్వా."

"అండ్ల 'త' ఒక్కటి దొరికింది నాకు. కొమ్ములు, గుడులు గలిపి గజిబిజి చేస్తివి." గంగవ్వ గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. "సత్తెవ్వ ఏం చెప్పింది నీకు? వాళ్ళకు సదువొచ్చననా?"

ప్రవీణ ఉలిక్కిపడింది.

"నాకెర్కలేదా? గా పూజ అన్నం తినుకుంట గూడ ఫోన్ల మొగనికి రాస్తనే ఉంటది. కార్ఖానల ఎవలకు ఏ కాయిదం అచ్చినా సత్తెవ్వనే సదివి చెప్తది. నేను గుడ్డిదాన్నా?"

"మరి ఎన్నడు అనకపోతివి?"

"అంటె మానేస్తరు. నాతోని కూసోని అక్షరాలు మరిసిపోయెటోళ్ళు నాకు మల్ల యాడ దొరుకుతరు?" గంగవ్వ తంబాకు చాటలో పోసుకుంది. "నువ్వు గూడ చెప్పకు. పాపం, మంచిగ కష్టపడి మరుస్తున్నరు."

ప్రవీణకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "అసలు నీకు సదువెందుకవ్వా? సర్వేల అడిగితె మోకాళ్ళ నొప్పులని చెప్తివి."

"మోకాళ్ళ నొప్పులు ఉన్నయి గద." గంగవ్వ కాసేపు సుద్దముక్కను వేళ్ళ మధ్య చుట్టింది. "ఇప్పుడు ఆడోళ్ళకు బస్సు ఉత్తగనే. అయినా నేను యాడికి పోవాలన్నా గిదెక్కడి బస్సు నాయినా, గిదెక్కడి బస్సు బిడ్డా అని అడుగాలె. అడిగితె చెప్తరు, చెప్పరని గాదు. అడిగి అడిగి యాష్టకచ్చింది. సచ్చేలోపట ఒక్కపారన్న ఎవల్నీ అడుగకుండ పోవాలె."

అడగడమే మహా సిద్ధాంతమని రెండో అధ్యాయం నిండా రాసిన ప్రవీణ, చాటలోని పలక తీసుకుంది. గంగవ్వ చేయి పట్టుకుని 'త'కు ఏత్వం ఎలా తగిలించాలో చూపించింది.

శనివారం సిరిసిల్ల హాల్లో ఒక పక్క రవీందర్, అతని పక్కన ఇస్త్రీ చొక్కాతో రాజన్న అనే మరమగ్గం కార్మికుడు. ఇంకో పక్క ప్రవీణ, ఆమెతో గంగవ్వ, సత్యవ్వ, పూజ. మధ్యలో సామేలు గారు, ఆయన ముందు రెండు గళ్ళు గీసిన పెద్ద కాగితం. ఎడమ గడిలో "లక్ష్యం", కుడి గడిలో "అవసరం".

రాజన్న మొదట లేచాడు. గోడకు తగిలించిన చార్టు ముందు నిలబడి చొక్కా చేయి మడిచి, పేరు చివర ఒక సుడి తిప్పి, దాని కింద రెండు చుక్కలు పెట్టి సంతకం చేశాడు. బ్యాంకు మేనేజర్లకు కూడా అంత సంతకం ఉండదు. సామేలు గారు చప్పట్లు కొట్టారు. రవీందర్ ఆ సంతకాన్ని ఫోనులో ఫోటో తీసుకున్నాడు.

"మీ వాళ్ళు?" అన్నారు సామేలు గారు.

ప్రవీణ బస్సులో వస్తున్నంతసేపూ ఆలోచించింది. నిజం చెబితే చెప్పొద్దన్న గంగవ్వ మాట పోతుంది. చెప్పకపోతే క్లాసే పోతుంది. ఆమె తేల్చుకునేలోగా సామేలు గారు వేలితో పూజను పిలిచి, గోడ మీది బ్యానర్ చూపించి చదవమన్నారు.

పూజ గంగవ్వ వంక చూసింది. అలవాటైన నటనే.

"వ... య... వయో..." అని ఆగి, నుదురు రుద్దుకుంది. "యాదికస్తలేదు సార్."

సామేలు గారు కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. "ఇన్నాళ్ళకు ఇంతేనా మేడం? అడిగి అడిగి చేసిన ప్రణాళిక ఇదేనా? ఏమీ అనుకోకండి, కోరుట్ల క్లాసు..."

"ఆగుండ్రి సారు."

గంగవ్వ కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. మోకాళ్ళు నిజంగానే కలుక్కుమన్నాయి.

"పూజా, ఇగ చాలు తియ్యే. మంచిగ సదువు."

పూజ నోరు తెరిచి చూసింది. "అవ్వా?"

"నాకు ఎప్పటి సందో ఎర్కనే. సదువు బిడ్డా, మన బడి వోతది."

పూజ సత్యవ్వను చూసింది. సత్యవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళతోనే సరేనంది. అంతే, ఇన్నాళ్ళు బిగబట్టుకున్న చదువంతా పూజ నోట్లోంచి వరదలా వచ్చింది. బ్యానర్ మొత్తం టీవీలో వార్తలు చదివినట్టు చదివింది. అక్కడితో ఆగక పక్కనున్న మంటలార్పే యంత్రం మీది సూచనలు, ఫ్యాను మీది కంపెనీ పేరు, చివరికి సామేలు గారి ముందున్న కాగితంలో "కోరుట్ల: మూసివేత" అన్నది కూడా తలకిందులుగానే చదివేసింది.

సామేలు గారు ఆ కాగితం మీద చేయి కప్పుకున్నారు.

"మా కాడ రానిది నా ఒక్కదానికే సారు" అంది గంగవ్వ. "నేను సిన్నవోవద్దని గీళ్ళంత రోజు నాతోని మరిసిపోతున్నరు."

అప్పుడు ప్రవీణ లేచింది. "నా సర్వే తప్పు సార్. పన్నెండు మందికి ఒక టీచర్ అనుకున్న. కాదు. ఒక్కరికి పదకొండు మంది టీచర్లు. ఏ రోజు ఎంత చెప్పాలె, ఎక్కడ ఆగాలె, ఎప్పుడు మల్ల చెప్పాలె, అన్ని వాళ్ళే అనుకున్నరు. నేను సుద్దముక్క పట్టుకున్న, అంతే."

సామేలు గారు రెండు గళ్ళనూ మార్చి మార్చి చూశారు. "ఇది ఏ సిద్ధాంతం కిందికి వస్తుంది?"

"మూడోది సార్. నేనింకా రాయలేదు."

"దానికి గడి లేదే" అన్నారు ఆయన దిగులుగా.

ఇంతలో రాజన్న రవీందర్ వైపు వంగాడు. గుసగుస అనుకున్నాడు గానీ, మగ్గాల మోతలో బతికినవాడి గుసగుస హాలంతా వినబడింది.

"సార్, అయితె మనం గూడ చెప్పేద్దామా?"

"ఏం చెప్తవ్?" అన్నాడు రవీందర్, ముఖం పాలిపోయి.

"నేను పదో తరగతి పాసైన సార్. గా సంతకం అప్పటిదే. ఇంట్ల మగ్గాల సప్పుడు, కార్ఖానల సాంచెల సప్పుడు. మీ క్లాసుల కూసుంటె గంటసేపు చెవులు సల్లబడుతయి. మాకు గదే కావాలె. మా అందరిదీ గంతే."

రవీందర్ ఫోనులోని ఫోటోను ఒకసారి చూసుకుని జేబులో పెట్టుకున్నాడు. తర్వాత ప్రవీణ వంక చూసి ముందుగా అతనే నవ్వాడు. "పడుగు లేదు, పేక లేదు మేడం. అయినా బట్టెట్లనో అయింది."

సామేలు గారు కళ్ళజోడు పెట్టుకుని, రెండు గళ్ళకూ అడ్డంగా "పరిశీలనలో ఉన్నది, అప్పటిదాకా రెండూ కొనసాగించవలెను" అని రాశారు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఆయనకు ఇలాంటి చిక్కు వచ్చినప్పుడల్లా ఆదుకున్న వాక్యం అదే. పూజ దాన్ని కూడా తలకిందులుగా చదివి సత్యవ్వకు సైగ చేసింది.

సిరిసిల్ల బస్టాండులో ఎండ చుర్రుమంటోంది. జగిత్యాల బస్సు కోసం నలుగురూ నిలబడ్డారు. సత్యవ్వ గంగవ్వ మీద అలిగి ఉంది.

"ఎర్కయి గూడ మమ్ముల ఇన్నొద్దులు ఆడిపిస్తివా అవ్వా?"

"మీరు నన్ను ఆడిపియ్యలేదా?" అంది గంగవ్వ. ఆమె చూపు మాత్రం సత్యవ్వ మీద లేదు. అప్పుడే వచ్చి ఆగిన బస్సు నుదుటి మీద ఉంది. పెదవులు కదిలాయి. చేతిలో లేని సుద్దముక్కను వేళ్ళు చుడుతున్నాయి. ఒకసారి చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. తర్వాత ఎవరితోనూ ఏమీ అనకుండా గబగబా నడిచి, కమ్మీ పట్టుకుని ఆ బస్సు ఎక్కేసింది.

"అవ్వా! మనది జగిత్యాల బస్సు!" అని అరిచింది ప్రవీణ.

గంగవ్వ కిటికీలోంచి ముఖం పెట్టింది. "మీది జగిత్యాల. నాది ఎల్లంతకుంట. నా బిడ్డ ఊరు. రేపు అస్త తియ్యిండ్రి."

ప్రవీణ తలెత్తి బోర్డు చూసింది. ఎల్లంతకుంటే. "నేనింకా ఒత్తులు చెప్పలేదు" అంది అయోమయంగా.

"నేను చెప్పిన మేడం" అంది పూజ, నేల చూస్తూ. "మీ సిలబస్ల చివర్ల ఉన్నయి గద. అవ్వకు ముందుగాల గదొక్క పేరు కావాలన్నది. మీరు పోయినంక, 'నాగ్గూడ రాదు, బస్సు బోర్డు సూసి గీసుకచ్చిన' అని చెప్పి రోజు చాటల ఆకుతోని రాసి చూపిచ్చిన."

కండక్టర్ వచ్చాడు. గంగవ్వ కొంగు ముడి విప్పి ఆధార్ కార్డు తీసింది.

"యాడికవ్వా?" అని అడిగాడు.

గంగవ్వ అతన్ని పైనుంచి కిందికి చూసింది. "బోర్డు మీద రాసి ఉన్నది గదా నాయినా, నువ్వు సూడలేదా?"

బస్సు కదిలింది. దుమ్ము సర్దుకునేదాకా ముగ్గురూ అక్కడే నిలబడ్డారు. సత్యవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుని, తంబాకు ఘాటని చెప్పింది. ఆ పూట ఆమె దగ్గర తంబాకు లేదు.

ఇంకో బస్సు వచ్చి ఆగింది. ప్రవీణ ఒక కాలు ముందుకు వేసి, ఆగి, తలెత్తి, అక్షరం అక్షరం కూడబలుక్కుని బోర్డు చదివింది. ఆ తర్వాతే ఎక్కింది.